ఊరికే వాడుకున్న ఎర్ర కారు

నేను ముప్పై ఒక్క ఏళ్లు ఒక జనరల్ ఇన్సూరెన్సు కంపెనీలో పనిచేశాను. అందులో ఎక్కువ కాలం తెనాలి బ్రాంచిలో, మోటారు క్లెయిముల సీట్లో కూర్చున్నాను. బాపట్ల, రేపల్లె, పొన్నూరు, ఈ చుట్టుపక్కల ఏ బండి పంట కాలవలో పడ్డా ముందు పోలీసులు వెళ్లేవాళ్లు, తర్వాత నేను వెళ్లేవాణ్ణి. పోలీసులు మనుషుల సంగతి చూసుకునేవాళ్లు. నేను బంపర్లూ హెడ్‌లైట్లూ చూసి రాసుకుని వచ్చేవాణ్ణి.

ఈ ఉద్యోగంలోకి కొత్తగా వస్తున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. నా ప్రమోషన్ల గురించి రాయను. రాయడానికి పెద్దగా లేవు కూడా. ఒక ఎర్ర కారు గురించీ, దాని కింద కాలు పోగొట్టుకున్న సువార్తమ్మ అనే కూలి మనిషి గురించీ రాస్తాను. ఆవిడకు న్యాయంగా రావలసిన నష్టపరిహారాన్ని నేను ఒకే ఒక్క ప్రశ్నతో ఆపేశాను. ఆ ప్రశ్న అడిగినందుకు ఆఫీసులో నన్ను మెచ్చుకున్నారు.

విశ్వనాథం గారి పాఠం

నేను చేరినప్పుడు మా బ్రాంచి మేనేజరు విశ్వనాథం గారు. ఏ పాలసీ ఇచ్చినా చివరి పేజీ నుంచి మొదలుపెట్టి చదివేవారు. ఏమేం ఇవ్వనక్కర్లేదో అక్కడే ఉంటుందని ఆయన నమ్మకం. నిజాయితీపరుడు. పైసా లంచం ముట్టలేదు, పైసా అనవసరంగా ఇవ్వలేదు. ఈ రెండూ ఒకటే అనుకునేవారు, చాలాకాలం నేనూ అలాగే అనుకున్నాను.

ఒకసారి పొన్నూరు దగ్గర ఒక అంబాసిడర్ బోల్తా పడింది. అందులో పదకొండు మంది ఉన్నారు. ప్రైవేటు కారు, అద్దెకు తిప్పకూడదు. ఓనరేమో అందరూ మా చుట్టాలేనండి అన్నాడు. నేను ఆసుపత్రికి వెళ్లి ఒక్కొక్కరినీ అడిగాను. అందరూ డ్రైవరుని బాబాయ్ అనే అన్నారు. అద్దె ఇచ్చారా అంటే, బాబాయికి అద్దేంటండి అన్నారు. పదకొండు మంది అన్న కొడుకులున్న బాబాయిని రాసుకుని ఆఫీసుకొచ్చాను.

విశ్వనాథం గారు నా కాగితం చూసి పక్కన పెట్టారు.

"అద్దె ఇచ్చావా అని అడిగితే ఎవడు చెప్తాడయ్యా! ఊరికే ఎక్కావటగా అని అడుగు. మనవాళ్లు ఏదైనా ఒప్పుకుంటారు గానీ ఊరికే ఎక్కానని ఒప్పుకోరు."

మర్నాడు వెళ్లి అలాగే అడిగాను. పదకొండు మందిలో తొమ్మిదిమందికి కోపం వచ్చింది. ఎంతిచ్చిందీ, ఎక్కడ ఎక్కిందీ చెప్పేసి సంతకాలు కూడా పెట్టారు. కంపెనీకి బోలెడు మిగిలింది. ఆ పాఠం నాకు బాగా వంటబట్టింది.

బస్తాల్లో వచ్చిన కారు

తెనాలి చెంచుపేటలో షేక్ కరీముల్లా గారికి ఒక మెకానిక్ షెడ్డు ఉండేది. తక్కువ మాట్లాడే మనిషి. తొంభైల మొదట్లో ఆయన మద్రాసులో ఎవరో పెద్దవాళ్లింట్లో మూలపడేసిన విదేశీ స్పోర్ట్స్ కారు ఒకటి కొనుక్కొచ్చారు. బాడీ లారీ మీద వచ్చింది, ఇంజను గోనె బస్తాల్లో వచ్చింది. మూడేళ్లు కూర్చుని దాన్ని కూడగట్టారు. రెండే సీట్లు, వెనక్కి మడిచే టాపు, ఎర్ర రంగు. రెండో గేరులో ఉండగానే అరవై దాటేదని చెప్పుకునేవారు.

అలాంటి కారు తెనాలిలో ఎవరికి కావాలి? పెళ్లివాళ్లకు. వెనక మడిచిన టాపు మీద వధూవరుల్ని ఎక్కించి, ముందు బ్యాండు మేళంతో ఊరేగించేవాళ్లు. గంటకు నూట యాభై మైళ్లు పరిగెత్తడానికి పుట్టిన కారు, క్లారినెట్ వాయించే ముసలాయన వెనకాల ఆయన నడిచినంత మెల్లగా నడిచేది. సగం దూరంలో ఇంజను పొగలు కక్కేది. కరీముల్లా గారు డ్రైవరు సీట్లోంచి దిగి బకెట్టుతో నీళ్లు పోసేవారు. పెళ్లివాళ్లు అది కూడా ఊరేగింపులో భాగమే అనుకునేవాళ్లు.

దానికి పాలసీ రాసింది నేనే. ఆ రోజు కౌంటరు దగ్గర ఆయన నాతో, "దానియేలు సార్, పెళ్లిళ్లకి అడుగుతున్నారండి, ఇస్తుంటాను. ఏం కాదుగా?" అన్నారు.

"ఇది ప్రైవేటు పాలసీ. అద్దె తీసుకుంటే పనికిరాదు," అన్నాను.

"అద్దె తీసుకోనండి. ఎవరన్నా బట్టలు పెడితే కాదనలేం కదా."

"బట్టలు పెట్టించుకోండి. అద్దె మాత్రం తీసుకోకండి. ఏం కాదు," అన్నాను.

ఇక్కడ కొత్తవాళ్లు కాస్త ఆగాలి. మోటారు పాలసీలో రెండు ముక్కలుంటాయి. మన బండికి దెబ్బ తగిలితే మనకొచ్చేది ఒకటి, మన బండి వల్ల రోడ్డు మీద పోయేవాడికి దెబ్బ తగిలితే వాడికొచ్చేది రెండోది. కౌంటరు దగ్గర అందరూ మొదటిదాని గురించే అడుగుతారు, మనమూ దాని గురించే చెప్తాం. ప్రైవేటు కారుని అద్దెకు తిప్పినట్టు రుజువైతే కంపెనీ రెండిటినుంచీ తప్పుకునే వీలుంది. అప్పుడు దెబ్బ తిన్నవాడు బండి ఓనరు మీద పడాలి. ఓనరు దగ్గర ఏమీ లేకపోతే కోర్టు తీర్పుని పెట్టెలో దాచుకోవాలి. ఇదంతా నేను ఆ రోజు కరీముల్లా గారికి చెప్పాల్సింది. పెళ్లిళ్లకు ఇస్తానంటున్నాడు కాబట్టి ఆ మాట ప్రపోజలు ఫారం మీద రాయాల్సింది. భోజనాల వేళ అయింది. ఏం కాదు అని పంపేశాను. మీరు మాత్రం కౌంటరు దగ్గర "ఏం కాదు" అనే మాట వాడకండి.

శ్రావణమాసం పెళ్లి

రేపల్లెలో రైసుమిల్లు ఉన్న వెంకట్రామయ్య గారు కూతురి పెళ్లికి ఆ కారు అడిగారు. పెళ్లికొడుకుది బాపట్ల. ఎప్పుడూ కారు తనే నడిపే కరీముల్లా గారు ఆ ఒక్కసారి తాళం పెళ్లికొడుక్కి ఇచ్చారు. అప్పగింతలయ్యాక కొత్త జంట ఆ కారులోనే బాపట్ల వెళ్లాలని పెళ్లికొడుకు పట్టుబట్టాడు. రెండే సీట్లు కాబట్టి మూడో మనిషికి చోటు లేదు. అతనికి లైసెన్సు ఉంది. బుద్ధి కూడా ఉందనే కరీముల్లా గారు అనుకున్నారు.

పొద్దున తొమ్మిదింటికి, చెరుకుపల్లి దాటాక, రోడ్డు ఖాళీగా కనిపించింది. పెళ్లికొడుకు కొత్త పెళ్లాం పక్కన కూర్చుని ఉండగా కారు ఎంత పోతుందో చూద్దామనుకున్నాడు. అవి నాట్ల రోజులు. సువార్తమ్మ నెత్తిన నారుకట్టతో కాలవగట్టు ఎక్కి రోడ్డు మీదికొచ్చింది. అతను బ్రేకు తొక్కి పక్కకు తిప్పాడు. కారు ఆవిడ కుడికాలిని కొట్టి కాలవలోకి దిగింది. గుంటూరు ఆసుపత్రిలో ఆ కాలు మోకాలి కింద తీసేశారు. ఆవిడకు భర్త లేడు. ఇద్దరు పిల్లలు, నాట్లూ కోతలూ కలుపులూ తప్ప ఇంకో ఆధారం లేదు. వంగి నిలబడి చేసే పని ఒంటికాలితో ఎవరూ చెయ్యలేరు.

నేను వెళ్లి కారు చూశాను. ముందు అద్దం, ఎడమ హెడ్‌లైటు, రేడియేటరు అని రాసుకున్నాను.

నా గొప్ప రిపోర్టు

తర్వాత వెంకట్రామయ్య గారి మిల్లుకి వెళ్లాను. చుట్టూ గుమాస్తాలూ, బావమరదులూ కూర్చుని ఉన్నారు. నాకు అదే కావాలి.

"బాబాయ్ గారూ, కరీముల్లా కారు మీరు ఊరికే వాడుకున్నారటగా?" అన్నాను.

ఆయన మొహం కందగడ్డలా అయింది. "ఎవడన్నాడు? ఊరికే వాడుకోవడానికి నాకేం ఖర్మ? తాంబూలంలో కవరు పెట్టి ఇచ్చాను. వెయ్యిన్నూటపదహార్లు! కావాలంటే వీడియో చూసుకో," అని తనే క్యాసెట్టు తెప్పించి నా చేతిలో పెట్టారు.

ఆఫీసుకి టీవీ, వీసీఆర్ అద్దెకు తెచ్చి పెళ్లి మొత్తం చూశాను. మొత్తం అంటే, క్లెయిముకి పనికొచ్చేదంతా. పెళ్లికొడుకు తాగి ఉన్నాడా? లేడు. కారు ఎవరు నడిపారు? అతనే. పళ్లెంలో ఆకూ వక్కా, పంచెల చాపు, దాని మీద మిల్లు పేరు అచ్చేసిన కవరు. వెంకట్రామయ్య గారు అందిస్తుంటే కరీముల్లా గారు రెండు చేతులా తీసుకున్నారు. అక్కడ ఆపి, టైము రాసుకున్నాను. తర్వాత చదివింపులు మొదలయ్యాయి. ముప్పావుగంట చదివింపులు. అది చూసే ఓపిక ఎవరికుంటుంది? బటన్ నొక్కి గబగబా తిప్పేశాను. పరుగులు పెట్టే చుట్టాలంతా అయిపోయాక కారు వెళ్లే సీను దగ్గర ఆపాను.

కరీముల్లా గారిని పిలిపించి, "కవరు తీసుకున్నారా?" అని అడిగాను.

"తీసుకున్నానండి," అన్నారు. సంతకం పెట్టమంటే పెట్టారు.

నేను నాలుగు పేజీల రిపోర్టు రాశాను. తాంబూలం పేరుతో అద్దె ముట్టింది కాబట్టి పాలసీ షరతు ఉల్లంఘించారని తేల్చాను. విశ్వనాథం గారు రెండుసార్లు చదివి, "నేను రాసినా ఇంత బాగా వచ్చేది కాదయ్యా," అన్నారు. నిజం చెప్పాలంటే ఆ సాయంత్రం నేను మైసూరుపాకు కొనుక్కుని ఇంటికెళ్లాను.

గుంటూరు ట్రిబ్యునల్లో సువార్తమ్మ కేసు వేసింది. మా కంపెనీ నా రిపోర్టు దాఖలు చేసి, మాకు సంబంధం లేదు, ఏదైనా ఉంటే కరీముల్లా ఇవ్వాలి అంది. కరీముల్లా గారి దగ్గర కాలవలో పడ్డ కారూ, అద్దె స్థలంలో ఉన్న షెడ్డూ తప్ప ఏమీ లేవు. పెళ్లికొడుకు ఉద్యోగానికి దూరదేశం వెళ్లిపోయాడు. ఎలా చూసినా ఆవిడకు దక్కేది ఒక కాగితం.

మా ఆవిడ చూసిన క్యాసెట్టు

వాయిదాకి ముందు మా వకీలు, క్యాసెట్టులో ఏది ఎన్నో నిమిషంలో ఉందో వివరంగా రాసి పంపమన్నాడు. ఆదివారం గుడిలో ఆరాధన అయ్యి వచ్చాక మా ఇంట్లో పెట్టుకుని చూశాను. మా ఆవిడ గ్రేస్ కూరగాయల పళ్లెం తెచ్చుకుని పక్కన కూర్చుంది. చదివింపులు రాగానే నేను రిమోట్ తీశాను.

"ఉండండి. అసలు చూడాల్సిందే ఇది," అంది. ఆడవాళ్లు చదివింపుల్ని తిప్పెయ్యరు. ఎవరు ఏం పెట్టారు, ఏ చీర కట్టుకొచ్చారు, పెట్టినప్పుడు మొహం ఎలా ఉంది, అన్నీ కావాలి. మైకులో ఎవరో పేర్లు చదువుతున్నాడు. ఆఫీసులో తిప్పేసినప్పుడు బొమ్మలే తప్ప మాటలు వినపడలేదు. ఇప్పుడు వినపడ్డాయి.

"తెనాలి వాస్తవ్యులు, మెకానిక్, షేక్ కరీముల్లా గారు, వధువు గారికి వెయ్యిన్నూటపదహార్లు."

మా ఆవిడ చిక్కుడుకాయ తుంచడం ఆపింది. "ఇదేంటండీ, వాళ్ల కవరే వాళ్లమ్మాయి చేతిలో పెట్టేశాడు!"

టేపు వెనక్కి తిప్పి చూశాను. మిల్లు పేరు అచ్చేసిన కవరు. ఒక మూల పసుపు మరక కూడా అలాగే ఉంది.

మర్నాడు షెడ్డుకి వెళ్లాను. కరీముల్లా గారు స్కూటరు కింద పడుకుని ఉన్నారు.

"కవరు తిరిగి ఇచ్చేశానని నాకెందుకు చెప్పలేదండీ?"

ఆయన బయటికొచ్చి చేతులు తుడుచుకున్నారు. "చదివించింది చెప్పుకుంటారా సార్? బాగోదు. అయినా అద్దె తీసుకోవద్దని చెప్పింది మీరేగా. పెద్దమనిషి పళ్లెం పట్టుకుని నిలబడితే నలుగురిలో వద్దనలేను. అందుకని తీసుకుని, అమ్మాయికి చదివించాను."

అంటే, మేం రాసిచ్చిన పాలసీ షరతుని ఈ జిల్లాలో ఒకే ఒక్కడు అక్షరాలా పాటించాడు. నేను ఆయన మీద నాలుగు పేజీలు రాశాను.

విశ్వనాథం గారికి చెప్పాను. ఆయన కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు.

"నీ రిపోర్టు నువ్వే కొట్టేస్తావా? పెద్దాఫీసు ఏమంటుందో తెలుసా? సువార్తమ్మ వకీలు అడగలేదు, మనకెందుకు? పెళ్లివాళ్ల క్యాసెట్టు పెళ్లివాళ్లకి ఇచ్చెయ్."

ఆయన అబద్ధం చెప్పమనలేదు. ఇచ్చెయ్ అన్నారు, అంతే. నేను ఇవ్వలేదు, అలాగని చెప్పాల్సినచోట చెప్పనూ లేదు. పదకొండు రోజులు ఆ క్యాసెట్టుని సొరుగులో పెట్టి తాళం వేసుకున్నాను. ఈ వృత్తిలో నేను సిగ్గుపడే రోజులు ఏవంటే ఆ పదకొండే. రిపోర్టు రాసినప్పుడు నాకు తెలియదు. సొరుగుకి తాళం వేసినప్పుడు తెలుసు.

ఇంట్లో మా ఆవిడ రోజూ అన్నం వడ్డించి, "కోర్టుకి ఇచ్చారా?" అనేది. లేదంటే గిన్నె అక్కడే పెట్టి వంటింట్లోకి వెళ్లిపోయేది.

కోర్టులో టీవీ

నన్ను సాక్షిగా పిలిచిన రోజు కోర్టు వరండాలో సువార్తమ్మ కనపడింది. కర్ర గోడకు ఆనించి కింద కూర్చుని ఉంది. నన్ను చూసి లేవబోయింది. వద్దన్నాను.

"దానియేలు గారంటే మీరేనంటగా అయ్యా? పేరు విన్నాక ధైర్యం వచ్చింది. మనవాళ్లే ఉన్నారు, చూసుకుంటారులే అనుకున్నాను."

వందనాలమ్మా అని చెప్పి లోపలికి వెళ్లాను. క్యాసెట్టు సంచిలోనే ఉంది. తీసుకొచ్చానే గానీ, తీస్తానో లేదో అప్పటిదాకా నాకే తెలియదు.

మా వకీలు అడిగినవాటికి జవాబులు చెప్పాను. చివర్లో జడ్జిగారు, ఇంకేమైనా చెప్పేది ఉందా అన్నారు. లేదండి అనడం ఆనవాయితీ. నేను ఉందండి అన్నాను. క్యాసెట్టు సంగతి చెప్పాను. పెళ్లిళ్లకు ఇస్తానని కరీముల్లా గారు ముందే చెప్పారనీ, ఏం కాదన్నది నేనేననీ కూడా చెప్పాను. మా వకీలు నావైపు చూడటం మానేశాడు.

తర్వాతి వాయిదాకి కోర్టు హాల్లో టీవీ పెట్టారు. పక్క కోర్టుల గుమాస్తాలు కూడా వచ్చారు. సన్నాయి మేళం మొదలవగానే జడ్జిగారు సౌండు తగ్గించమన్నారు. చదివింపులు రాగానే పెంచమన్నారు. వెంకట్రామయ్య గారిని అప్పటికే బోనెక్కించారు. అద్దె ఇచ్చానని ఆయన గట్టిగా చెప్పి ఉన్నారు. మైకులో కరీముల్లా పేరు వినపడింది, కవరు కనపడింది. ఆయన బోనులోంచి ముందుకు వంగి చూశారు.

"నేనిచ్చిన కవరే మా పిల్లకి చదివించాడా! అంటే, నేను ఊరికే వాడుకున్నట్టేనా?"

"అలాగే కనపడుతోందండి," అన్నారు జడ్జిగారు.

వెంకట్రామయ్య గారు జేబులో చెయ్యి పెట్టారు. "అయితే ఇప్పుడే ఇచ్చేస్తానండి. నలుగురిలో నాకు ఈ మాట పడటం ఇష్టం లేదు."

"ఇప్పుడిస్తే అద్దె అవుతుంది. దిగండి," అన్నారు జడ్జిగారు.

అద్దె లేదని తేలింది. సువార్తమ్మకు కంపెనీయే నష్టపరిహారం ఇవ్వాలని తీర్పు వచ్చింది, తర్వాత కంపెనీ ఇచ్చింది కూడా. విశ్వనాథం గారు నాతో మూడు నెలలు పని ఉంటేనే మాట్లాడారు. రిటైరైన రోజు మాత్రం, నువ్వు చేసింది నేను చెయ్యగలిగేవాణ్ణి కాదయ్యా అన్నారు. పొగడ్తో తిట్టో ఆయన మొహంలో తెలియలేదు. కరీముల్లా గారికి కారు దర్జాగా అద్దెకిచ్చుకునేలా టాక్సీ పాలసీ రాయిస్తానన్నాను. టాక్సీ అంటే నలుపూ పసుపూ రంగు వెయ్యాలని తెలిసి ఆయన వద్దన్నారు. ఆ తర్వాత ఆ కారు ఏ పెళ్లికీ వెళ్లలేదు.

దాటెయ్యని భాగం

తీర్పు సంగతి చెప్పడానికి నేనే సువార్తమ్మ ఊరు వెళ్లాను. వాకిట్లో మంచం వాల్చి కూర్చోమంది. మజ్జిగ ఇచ్చింది. ఎంతొస్తుందో, ఎప్పుడొస్తుందో, బ్యాంకులో ఎలా వేసుకోవాలో చెప్పాను. అన్నీ విని తలూపింది. నేను లేవబోతుంటే ఆగమంది.

"ఒకటడుగుతాను అయ్యా. ఆ పెళ్లికూతురికి దెబ్బలేం తగల్లేదుగా? కాలవలో పడ్డప్పుడు ఆ పిల్ల అరుపు విన్నాను. తర్వాత నాకు తెలివి లేదు. ఆసుపత్రిలో అడిగాను, పోలీసుల్ని అడిగాను. ఎవరూ చెప్పలా."

ఆ ఫైలు నాకు కంఠతా వచ్చు. పగిలిన హెడ్‌లైటు ఎటువైపుదో ఉంది, రేడియేటరు ధర ఉంది. రెండేళ్లు ఆవిడ మోసిన ప్రశ్నకు జవాబు అందులో లేదు, ఎందుకంటే ఆ పిల్లవైపు నుంచి క్లెయిము రాలేదు. ఆవిడను ఆ మాట అడగనివ్వడానికి కూడా మేమెవరమూ ఒక్క నిమిషం ఆగలేదు.

"ఏం కాలేదమ్మా. మోచెయ్యి గీరుకుంది, అంతే. బాగుంది," అన్నాను. వెంకట్రామయ్య గారు చెప్పగా విన్నదే.

సువార్తమ్మ కళ్లు తుడుచుకుంది. "పెళ్లి బాగా జరిగిందా అయ్యా? మీరు టీవీలో చూశారంటగా."

నేను మళ్లీ మంచం మీద కూర్చున్నాను. మేళంతో మొదలుపెట్టి, పెళ్లికూతురి చీర రంగు, తలంబ్రాలు, భోజనాలు, చివరికి ఎవరెవరు ఏమేం చదివించారో కూడా చెప్పాను. చాలాసేపు పట్టింది. ఏదీ దాటెయ్యలేదు.